రూబెన్ బరువుకు సరిపడే పడవ

పెళ్లికి జాతకాలు కలిసినట్టు పందెం పడవకీ మనుషులకీ బరువులు కలవాలంటే ఏలూరు వన్‌టౌన్‌లో ఎవరూ నమ్మరు. టార్పాలిన్ పట్టాలు కుట్టుకునే సాదిక్ కూడా నమ్మేవాడు కాదు. కొన్నేళ్ల కిందట నిరంజన్ గారు చిరిగిన తెరచాపని కారు డిక్కీలో కుక్కుకుని అతని కొట్టుకి రాకపోయి ఉంటే, చేపల లారీలకి పరదాలూ పెళ్లిళ్లకి షామియానాలూ కుట్టుకుంటూ హాయిగా బతికేసేవాడు. ఆ ఒక్క చిరుగే అతని కొంప ముంచింది.

నిరంజన్ గారిది గణపవరం. నేవీలో చేసి రిటైరై వచ్చాక, కొల్లేరు అంచున వాళ్ల కుటుంబానికున్న చేపల చెరువుల్లో ఒకదాని మీద ఆయన కన్ను పడింది. రోడ్డుకి మట్టి తోలడానికి దాన్ని ఎంత లోతు తవ్వేశారంటే, వల వేస్తే అడుగు అందదు. చేపలకి పనికిరాని లోతు పడవలకి పనికొస్తుందని ఆయన నాలుగు పాత తెరచాప పడవలు తెచ్చి అందులో వేశారు. చుట్టుపక్కలవాళ్లు దానికి నేవీ చెరువని పేరు పెట్టి, పెద్దాయనకి రిటైరయ్యాక తిక్క పుట్టిందని తీర్మానించారు.

తను వేసిన కుట్టు గాలికి ఆగుతుందో లేదో చూద్దామని వెళ్లిన సాదిక్ ఆ పడవెక్కాడు, ఇక దిగలేదు. ఇంజను లేకుండా, తెడ్డు లేకుండా, ఒట్టి గుడ్డముక్క మనిషిని ఈడ్చుకుపోతుంటే కలిగే ఆనందం ఎలాంటిదో చెప్పబోతే అతనికి మాటలు వచ్చేవి కావు. కానీ ఆ పడవకి ఇద్దరు కావాలి. ఒకడు చుక్కాని పట్టాలి. రెండోవాడు నడుముకి పట్టా బిగించుకుని, తెరచాప కొయ్య మీంచి వేలాడే తీగకి దాన్ని తగిలించుకుని, పడవ అంచు మీద కాళ్లు పెట్టి నీళ్ల మీదికి వెల్లకిలా వాలాలి. గాలి పడవని ఒకపక్కకి పడెయ్యాలని చూస్తుంటే వాడి బరువు దాన్ని రెండోపక్కకి లాగి నిలబెడుతుంది. ఆ రెండోవాడు ఎవరా అని సాదిక్ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. రూబెన్‌కి ఫోన్ చేశాడు.

రూబెన్ కొల్లేటి లంకలో పుట్టినవాడు. పలకాబలపం పట్టకముందే దోనె గెడ పట్టాడు. హైస్కూలుకి ఏలూరు వచ్చి, హాస్టల్ అన్నం చాలక, రోజూ మధ్యాహ్నం సాదిక్ క్యారేజీలో సగం లాగించేవాడు. సాదిక్ తల్లి సాబిరా అది కనిపెట్టి, తిట్టలేదు సరికదా, క్యారేజీకి ఇంకో గిన్నె తగిలించింది. ఆ గిన్నె చలవేనేమో, మనిషి గోడలా ఎదిగాడు. ఇప్పుడు తాడేపల్లిగూడెం ఉల్లిపాయల మార్కెట్లో కాటా గుమస్తా. రైతు బండి వచ్చినా షావుకారు లారీ వచ్చినా అతని కాటా ఒక్కలాగే తూచేది. రూబెన్ తూచాక మళ్లీ తూచమని అడిగినవాడు ఆ మార్కెట్లో లేడు.

అలాంటి మనిషి తీగ మీద వేలాడితే ఎంత గాలైనా నోరుమూసుకోవాల్సిందే. మిగతా పడవలు బోర్లాపడుతుంటే వీళ్లిద్దరూ నవ్వుకుంటూ పోయేవారు. గాలి పడిపోతే మాత్రం ఆ నవ్వు ఉండేది కాదు. పడవ బురదలో దిగిన గేదెలా కదలనని మొరాయించేది. డిగ్రీ చదివే పిల్లలు పక్కనుంచి జుయ్యిమని దాటిపోతూ, "అంకుల్, దిగి తొయ్యండి!" అని అరిచేవారు. రూబెన్ వాళ్లకేసి చెయ్యూపి, "ఇన్ని గిన్నెలు తిన్నాక ఇదొక్కటీ పడక తప్పుతుందా" అనేవాడు.

కాకినాడలో ఎండాకాలం జరిగే పందేనికి చెరువు తరఫున ఒక జంటని పంపాలని నిరంజన్ గారికి బుద్ధి పుట్టింది. అందుకు అసలైన పందెం పడవ కావాలి. ఒక ఆదివారం ఆయన సాదిక్‌ని షెడ్డులోకి పిలిచి ఫోన్‌లో రెండు బొమ్మలు చూపించారు.

"ముంబైలో ఈ రెండూ అమ్మకానికున్నాయయ్యా. ఇది ఫోర్ సెవెంటీ. సన్నటిది, చురుకైనది. ఇద్దరి బరువూ కలిపి నూట ముప్పై కిలోల దగ్గరుంటే పిట్టలా పోతుంది. అంతకి బాగా మించిందా, కూలబడుతుంది. రెండోది ఫైవ్ ఓ ఫైవ్. బరువైనవాళ్లకి అదే సరి. తెరచాప చాలా పెద్దది, తీగ మీద గట్టి మనిషి లేకపోతే దాన్ని ఆపడం ఎవరి తరమూ కాదు."

"మేం బరువైనవాళ్లమే కదండీ" అన్నాడు సాదిక్.

"నువ్వు కాదు. వాడు." నిరంజన్ గారు ఫోన్ జేబులో పెట్టుకున్నారు. "నీది డెబ్బై రెండు. ఆ డిగ్రీ కుర్రాడు నెల్సన్‌ది యాభై ఎనిమిది. వాణ్ణి తీగెక్కించు, ఫోర్ సెవెంటీ తెప్పిస్తాను, లెక్క అతికినట్టు సరిపోతుంది. రూబెన్ బంగారం లాంటివాడే, నేను కాదన్నానా? కానీ వాడు మనిషి కాదయ్యా, గోదాము."

సాదిక్‌కి ఒళ్లు మండింది. అతను ఎవరికీ ఎదురు చెప్పే రకం కాదు, అందులోనూ నిరంజన్ గారికి. అయినా ఆ రోజు మాట ఆగలేదు. "అయితే గోదాముకి సరిపడే పడవే తెప్పించండి. రూబెన్ లేకపోతే కాకినాడ నేనూ రానండీ."

పెద్దాయన ఫోన్ మళ్లీ బయటికి తీశారు. "సరే. ఫైవ్ ఓ ఫైవే తెప్పిస్తాను. కానీ బరువు ఖాయంగా చెప్పండి. నూట డెబ్బై అన్నారంటే నూట డెబ్బై ఉండాలి. పది కిలోలు తగ్గినా ఆ తెరచాప మిమ్మల్ని ఎత్తి కొడుతుంది. తరవాత నన్నని లాభం లేదు."

బయటికి వస్తూనే సాదిక్ రూబెన్‌కి ఫోన్ చేశాడు. జరిగిందంతా చెప్పాడు, తను అన్న మాట రెండుసార్లు చెప్పాడు. "రేపు పొద్దున్నే నీ కాటా ఎక్కి ఎంతుందో చెప్పరా. నీ నోటి మాట కాదు, కాటా మాట కావాలి" అన్నాడు.

మర్నాడు ఫోన్ వచ్చేసరికి సాదిక్ మిషను మీద ఉన్నాడు. అవతల మార్కెట్ గోల, హమాలీల కేకలు. రూబెన్ ఏదో చెప్పబోయి ఆగాడు. లారీ హారనేదో అడ్డొచ్చిందనుకున్నాడు సాదిక్.

"తొంభై ఎనిమిది" అన్నాడు రూబెన్. "ఏనుగు ఏనుగేరా."

సాదిక్ ఆ అంకె నిరంజన్ గారికి చెప్పేశాడు. ఆయన ముంబైకి చెప్పేశారు. పడవ ఖాయమైపోయింది.

ఆ ఏడు రంజాన్ నెలా, క్రైస్తవుల శ్రమదినాలూ ఇంచుమించు ఒకేసారి మొదలయ్యాయి. ఇక్కడ సాదిక్ ఉపవాసం, అక్కడ రూబెన్ ఉపవాసం. రూబెన్ ఏటా ఉండేవాడే గానీ, మధ్యాహ్నం దాటాక అతని భక్తి కాస్త సడలి, మార్కెట్ పక్క టీ బండి దగ్గర తేలేది. ఈసారి మాత్రం పొద్దుగుంకేదాకా పచ్చి మంచినీళ్లు తప్ప ముట్టడం లేదన్నాడు. పాస్టరుగారు చర్చిలో అతని పేరెత్తి మెచ్చుకున్నారట. సాదిక్ విని, "పడవ వచ్చేలోగా పుణ్యాత్ముడివి అయిపోతావేంట్రా" అని ఏడిపించాడు.

ఉపవాసాలతో తీగ మీద వేలాడితే కళ్లు తిరుగుతాయని ఇద్దరూ పడవెక్కడం మానేశారు. బదులుగా రూబెన్ వారానికో సాయంత్రం డ్యూటీ దిగి, రైలెక్కి, ఏలూరులో సాదిక్ ఇంటికి ఇఫ్తార్‌కి వచ్చేవాడు. చిన్నప్పటి అలవాటు. మసీదు నుంచి పిలుపు వినిపించగానే సాబిరా ముందు అతని చేతిలోనే ఖర్జూరం పెట్టేది. గంజి పోసేది. "తిను నాన్నా, నువ్వూ పస్తే కదా" అనేది. రూబెన్ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని, కబుర్లు చెబుతూ, నవ్విస్తూ కూర్చునేవాడు. మధ్యలో ఫోన్ వచ్చిందని బయటికి లేచి వెళ్లేవాడు. వచ్చేటప్పటికి గ్లాసు ఖాళీ.

ఒకరోజు అతను వెళ్లిపోయాక సాబిరా గిన్నెలు సర్దుతూ అంది: "రూబెన్ మింగడం లేదురా."

"అదేంటమ్మా, తాగాడు కదా గంజి."

"తాగలేదు. బయట మల్లెపాదులో పోశాడు. రెండు చెంచాలు నోట్లో పెట్టుకోవడం చూశాను, మింగడానికి మెడంతా వంకర్లు తిరిగింది. ఏమిటో అడుగు."

సాదిక్‌కి చిరాకేసింది. పొద్దుటినుంచీ కడుపులో ఏమీ లేదు, కుట్టాల్సిన పరదాలు కొండలా పడున్నాయి. "శ్రమదినాలమ్మా. వాళ్లు నోరు కట్టేసుకుంటారు. నాకు మాత్రం ఇప్పుడు సయిస్తోందా ఏంటి?" అన్నాడు. నలుగురికి నలభై ఏళ్లు వండిపెట్టిన మనిషి మాట అతను అలా గాలికి వదిలేశాడు.

అలాగని అతని కళ్లకీ కనపడకపోలేదు. రూబెన్ బుగ్గలు దిగాయి. చొక్కా కింద ఇంకో చొక్కా వేస్తున్నాడు, ఎండలు ముదురుతున్నా. కానీ ఉపవాసం ఉన్నవాడు చిక్కితే ఆశ్చర్యమేముంది? అద్దంలో సాదిక్ బుగ్గలూ దిగాయి. పక్కింటివాళ్లవీ దిగాయి. ఊళ్లో సగంమంది మొహాలు పీక్కుపోయి ఉన్న నెలలో ఒక్కడి మొహం ఎవరి కంట పడుతుంది?

అందుకే సాదిక్ భయపడ్డది వేరే దానికి. ఫోన్‌లో రోజూ అదే పోరు. "ఎంతున్నావు?"

"తొంభై ఏడు."

"కిలో ఏమైంది? నీ పుణ్యం నా పడవని ముంచేలా ఉంది. రాత్రిపూట తిను. పెరుగన్నం తిను. తగ్గావో చంపేస్తాను."

"పండగ వెళ్లనీరా. ఒక్క వారంలో లాగేస్తాను కదా" అనేవాడు రూబెన్. ఆ గొంతులో పూర్వపు ఊపు ఉండేది కాదు. అదీ ఉపవాసమేననుకున్నాడు సాదిక్.

రంజాన్ వెళ్లింది. ఈస్టర్ వెళ్లింది. ఆ తరవాతి వారంలో ముంబై నుంచి లారీ మీద పడవ దిగింది. తెల్లటి ఒళ్లు, పొడుగ్గా వెనక్కి తీర్చిన అంచులు, పెళ్లికూతురి పెట్టెలా పట్టా చుట్టి ఉన్న తెరచాప. సాదిక్ ఆ పట్టా విప్పి కుట్లు తడిమి చూసుకుంటూ ఒక పూటంతా అన్నం మర్చిపోయాడు. ఆదివారం ప్రార్థన కాగానే రూబెన్ వచ్చాడు. రెండు చొక్కాలు, పైన లైఫ్ జాకెట్టు, చేతిలో పాత నడుం పట్టా. ఆ పట్టా సాదిక్ కుట్టిందే, లారీ టార్పాలినూ కారు సీటు బెల్టులూ కలిపి. బజారులో దొరికేవి రూబెన్‌కి పట్టకపోతే ప్రత్యేకంగా కొలత తీసి కుట్టాడు.

"కట్టుకో మరి" అన్నాడు సాదిక్.

"పడవలో కట్టుకుంటాలే, పద."

ఆ మధ్యాహ్నం పైరగాలి బాగా వీచింది. వరిచేల మీంచి వచ్చి చెరువు మీద పడేసరికి నీళ్లు నల్లగా గగుర్పొడిచాయి. ఇలాంటి గాలి కోసమే కదా ఇన్నాళ్లూ చూసింది! సాదిక్ చుక్కాని పట్టాడు. రూబెన్ తీగకి తగిలించుకుని అంచు మీదికి వెళ్లి వాలాడు. తెరచాప నిండింది. పడవ ఒకపక్కకి లేచింది.

"ఇంకా వాలరా!"

రూబెన్ ఇంకా వాలాడు, చేతులు తల వెనక్కి చాపాడు. పడవ దిగలేదు. ఎప్పుడూ అతను వాలగానే అణిగిపోయే గాలి ఈసారి లెక్కే చెయ్యలేదు.

"వాలమంటుంటే!" సాదిక్ అరిచాడు.

"వాలాను!" అన్నాడు రూబెన్. ఆ గొంతు విని సాదిక్ తలెత్తి చూశాడు. అంతే. గాలి ఇంకొక్క విసురు విసిరింది. పడవ బోర్లాపడింది. రూబెన్ తెరచాప మీదుగా ఎగిరి అవతల నీళ్లలో పడ్డాడు.

పడవలు పడటం కొత్త కాదు. పడవ అడుగునుంచి పొడుచుకొచ్చే పలక మీద నిలబడి రూబెన్ ఒక్క ఊపు ఊపితే ఎంత పడవైనా లేచేది. సాదిక్ ఈదుకుంటూ చుట్టూ తిరిగి వచ్చాడు. రూబెన్ ఆ పలకని పట్టుకుని పైకెక్కాలని చూస్తున్నాడు, చేతులు జారిపోతున్నాయి. మూడోసారి జారినప్పుడు మునిగాడు. సాదిక్ చెయ్యేసి, లైఫ్ జాకెట్టు మెడ దగ్గర దొరకబుచ్చుకుని లాగాడు.

మనిషి తేలిగ్గా వచ్చేశాడు. తడిసిన చొక్కాల్ని బకెట్లోంచి తీసినట్టు, ఒంటిచేత్తో. సాదిక్‌కి అప్పుడు నీళ్ల చలి కాదు, ఇంకేదో ఎముకల్లోకి దిగింది.

నిరంజన్ గారు మోటారు పడవ పంపారు. గట్టు మీద రూబెన్‌ని పడుకోబెట్టి ఊపిరాడటానికి సాదిక్ అతని నడుం పట్టా విప్పాడు. పట్టా లోపలివైపు చేతికి ఏదో గరుగ్గా తగిలింది. తిప్పి చూశాడు. తను వేసిన మిషను కుట్టు పక్కన ఒక మడత. మడత మీద మూట కుట్టే పురికొసతో, దబ్బనంతో వేసిన లావుపాటి కుట్టు. దాని పక్కన ఇంకో మడత, ఇంకో కుట్టు. ఆ పక్కన ఇంకొకటి. ఉల్లిపాయల మూటల మూతి కుట్టడం తప్ప వేరే కుట్టు రానివాడు, నడుం తరిగినప్పుడల్లా తనే కూర్చుని పట్టాని లోపలికి కుట్టుకుంటూ వచ్చాడు. కొత్త పురికొస ఇంకా పసుపు రంగులోనే ఉంది. అన్నిటికన్నా వెనకది నల్లబడిపోయింది. అది ఉపవాసాల నాటిది కాదు. సంక్రాంతికి ముందుదో, క్రిస్మస్ నాటిదో.

సాదిక్‌కి ముందు వచ్చింది దుఃఖం కాదు, కోపం. "అబద్ధం చెప్పావు కదరా! కాటా మీద నిలబడి నాకే అబద్ధం చెప్పావు!" అని అరిచాడు. రూబెన్ కళ్లు మూసుకుని, తడి మొహంతో, "కేకలెయ్యకురా, పెర్సిస్ వింటుంది" అన్నాడు. పెర్సిస్ అతని భార్య. కొత్త పడవ చూద్దామని అతనితో వచ్చిన ఆవిడ అప్పటికే గట్టు మీద పరుగెత్తుకొస్తోంది.

ఏలూరులో చూపించారు, అక్కణ్ణుంచి విజయవాడ. పొట్టలో గడ్డ అన్నారు. ముదిరిపోయిందన్నారు. కోసినా లాభం లేదని, మందులతో లాగినన్నాళ్లు లాగాలని, పెద్ద డాక్టరు మాట్లాడుతున్నంతసేపూ రూబెన్ మంచం పక్కనున్న సెలైన్ సీసాకేసి చూస్తూ కూర్చున్నాడు.

వార్డు బయట బెంచీ మీద పెర్సిస్ సాదిక్‌తో చెప్పింది. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది. "రాత్రి అన్నం పెట్టబోతే, సాదిక్ వాళ్ల అమ్మగారు కొసరి కొసరి పెట్టారు, పొట్టలో చోటు లేదు అనేవారండి అన్నయ్యగారూ. మీ ఇంటికి వెళ్లని రోజున, మార్కెట్లో అందరం కలిసి తిన్నాం అనేవారు. ప్రార్థనలో ఉన్న మనిషి అబద్ధమాడతారని ఎలా అనుకుంటానండి? ఉపవాసం కదా, చిక్కారులే అనుకున్నాను."

"నేనూ అదే అనుకున్నానమ్మా" అన్నాడు సాదిక్.

ఇక్కడ తింటున్నానని అక్కడ చెప్పాడు. అక్కడ తింటున్నానని ఇక్కడ చెప్పాడు. మధ్యలో దేవుడి పేరు అడ్డం పెట్టుకున్నాడు. ఇద్దరు దేవుళ్ల ఉపవాసాలు ఒక్క నెలలో పడకపోతే వాడు దొరికిపోయేవాడేమో. దొరికినా ఏం ఒరిగేదో ఆ డాక్టరే చెప్పలేదు. కానీ సాదిక్‌కి ఆ ఊరట చాల్లేదు. "తగ్గావో చంపేస్తాను" అన్న తన మాటే రాత్రీ పగలూ చెవిలో కూర్చుంది. తల్లి చెప్పిన రోజున లేచి అడిగి ఉంటే! మల్లెపాదులో గంజి పోసిన చోట నేల తెల్లగా అట్టకట్టి ఉండటం అతను తరవాత చూశాడు. చూసి, గుమ్మం మీద కూలబడి, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. సాబిరా వచ్చి పక్కన కూర్చుంది.

కాకినాడ పందెం వాళ్లు లేకుండానే అయిపోయింది. ఫైవ్ ఓ ఫైవ్‌ని మళ్లీ నీళ్లలో దింపలేదు. దానికి సాదిక్ మందంగా ఒక పట్టా కుట్టి, షెడ్డులో కప్పి, తాళ్లు బిగించి వచ్చాడు. నిరంజన్ గారు కుర్రాళ్ల కోసం ఆ రెండో పడవని, ఫోర్ సెవెంటీని, ఆఖరికి తెప్పించారు. నెల్సనూ, వాడి స్నేహితుడూ దాని మీద నేర్చుకుంటున్నారు.

ఆషాఢం వచ్చింది. కొల్లేట్లోకి కొత్తనీరు దిగింది. మందులు ఆపేసి ఇంటికి తెచ్చుకున్నాక ఒకరోజు రూబెన్ ఫోన్ చేశాడు. గొంతు గుర్తుపట్టడానికి సాదిక్‌కి కాస్త సమయం పట్టింది.

"ఒరేయ్, ఒక్కసారి పడవెక్కించరా."

"ఏ పడవ?" అన్నాడు సాదిక్ తెలివితక్కువగా.

"ఇప్పుడు మనకి ఏది సరిపోతుందో అది" అన్నాడు రూబెన్.

పెర్సిస్ ఆటోలో తీసుకొచ్చింది. నిరంజన్ గారు ఫోర్ సెవెంటీని రేవులో పెట్టించి, తెరచాప తనే ఎత్తి, పక్కకి తప్పుకుని చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డారు. నూట ముప్పై లెక్క చెప్పింది తనేనని ఆయనకి గుర్తున్నట్టుంది, సాదిక్ మొహంలోకి చూడలేదు. సాదిక్ రూబెన్‌ని చేతుల్లో ఎత్తుకుని నీళ్లలో నడిచి పడవలో కూర్చోబెట్టాడు. తీగ జోలికి పోలేదు. ముందువైపుండే చిన్న తెరచాప తాడు మాత్రం రూబెన్ అడిగి చేతిలోకి తీసుకున్నాడు.

మబ్బు పట్టి ఉంది. గాలి ఓ మోస్తరు. ఇలాంటి గాలిలోనే కదా వాళ్లు ఇన్నేళ్లూ గేదెలా కదల్లేక, కుర్రాళ్ల చేత మాటలు పడ్డది! సాదిక్ తెరచాప లాగాడు. పడవ ఒక్కసారి వణికి, నీళ్ల మీద లేచి, పరుగందుకుంది. అడుగున నీళ్లు గలగలమని, తరవాత ఒకటే జుయ్యిమని మోగాయి. ఈ చెరువులో వాళ్లిద్దరి కింద ఏ పడవా ఎప్పుడూ అలా పోలేదు.

"ఏంట్రా ఇది! ఇలా పోతోంది!" రూబెన్ నవ్వాడు. మొహంలో పళ్లు తప్ప ఏమీ మిగల్లేదు గానీ, నవ్వు మాత్రం పాతదే.

సాదిక్ నవ్వలేకపోయాడు. తెరచాపకేసి చూస్తూ అడిగాడు. "ఆ రోజు ఎంతుందిరా? నేను మొదటిసారి అడిగినప్పుడు."

"ఎనభై తొమ్మిది." రూబెన్ నీళ్లకేసే చూస్తున్నాడు. "కాటా చెడిందనుకున్నాను. తూచిన ఉల్లిపాయల మూటొకటి తెచ్చి పెట్టి చూశాను. మూట సరిగ్గానే తూగింది. అప్పుడు భయమేసింది. నువ్వేమో నా బరువు కోసం పెద్దాయనతో పోట్లాడి వచ్చానని సంబరంగా చెప్పావు. జన్మలో ఎవడైనా నేను బరువుగా ఉన్నందుకు పోట్లాడాడా? ఎలా చెప్పనురా, అది తగ్గిపోతోందని?"

సాదిక్ చుక్కాని మీద చెయ్యి బిగించాడు. "ఇప్పుడెంత?"

"మొన్న పెర్సిస్‌ని తీసుకుని మార్కెట్‌కి వెళ్లాను. నా కాటాయే. ఈసారి నిజం చెబుతున్నాను." రూబెన్ ఇటు తిరిగాడు. "యాభై ఎనిమిది. నెల్సన్ అంత. నీ డెబ్బై రెండూ కలుపుకో. నిరంజన్ గారి లెక్కే సరైందిరా, మనకి మొదటినుంచీ ఇదే పడవ."

అవతలి గట్టు అప్పుడే దగ్గరపడుతోంది. గట్టు మీది కొబ్బరిచెట్లు ఒక్కొక్కటే విడివిడిగా తెలుస్తున్నాయి. పడవ వేగంగా పోవాలని తప్ప ఇంకో కోరిక ఎరగని సాదిక్, అది మెల్లగా పోతే బాగుండునని మొదటిసారి అనుకున్నాడు. రూబెన్‌కి తెలియకుండా తెరచాప తాడు కొంచెం వదిలాడు. పడవ జోరు తగ్గింది.

రూబెన్‌కి తెలిసిపోయింది. "ఎందుకు వదులుతున్నావు? లాగు. ఇన్నాళ్లూ నా మూలానే కదా వెనకపడ్డాం. ఒక్కసారి పోనీరా."

సాదిక్ తాడు లాగాడు. పడవ మళ్లీ లేచి పరుగెత్తింది. రూబెన్ కళ్లు మూసుకుని గాలికి మొహం పెట్టాడు. గట్టు తొందరగా వచ్చేసింది.